వెలుగు చెప్పే సాక్ష్యం

రంగు వేయని కణంలో కేంద్రకాన్ని సూక్ష్మదర్శిని కింద పోల్చుకోవడం తేలిక కాదు. డాపి, హెక్స్ట్ అనే రంజకాలు డి.ఎన్.ఎ.ను అంటుకొని, అతినీలలోహిత కాంతి పడగానే నీలంగా వెలుగుతాయి. ఇలా ఒక కాంతిని గ్రహించి మరొక కాంతిని వెదజల్లడమే ప్రతిదీప్తి. చీకట్లో చుక్కల్లా మెరిసే ఆ కేంద్రకాలను చూసి ముచ్చటపడనివారు ఉండరు.

అయితే ముచ్చట వేరు, రుజువు వేరు. ప్రొపీడియం అయోడైడ్ అనే ఎర్ర రంజకాన్నే తీసుకోండి. త్వచం చెడిన కణంలోకే చొరబడుతుంది కనుక చచ్చిన కణాలను ఏరి చూపుతుంది. కాని అది ఆర్.ఎన్.ఎ.ను కూడా పట్టుకుంటుంది. డి.ఎన్.ఎ. ఎంత ఉందో కొలవదలచినవారు ముందుగా ఆర్.ఎన్.ఎ.ను ఎంజైముతో తొలగించకపోతే లెక్క తప్పుతుంది. హెక్స్ట్ బతికిన కణంలోకీ వెళుతుంది. దానిపై అతినీలలోహిత కాంతిని ఎక్కువసేపు ప్రసరింపజేస్తే ఆ డి.ఎన్.ఎ.యే దెబ్బతింటుంది. చూడబోయి చెడగొట్టినట్లన్నమాట!

కణంలోని కొన్ని పదార్థాలు తమంతట తామే కొద్దిగా వెలుగుతాయి. అందుకే రంజకం వేయని కణాలను కూడా పక్కన పెట్టి పోల్చాలి. ఇది కాలయాపన అనేవారున్నారు. వారి మాట సరికాదు. తొందరలో తీసిన చిత్రం ఎంత అందంగా ఉన్నా పరిశోధనకు అక్కరకు రాదు.

కేంద్రకం వెలుపల సన్నని చుక్కలు మెరిసినప్పుడు కూడా వాటిని మరకలని కొట్టివేయరాదు. పెంచుతున్న కణాలలో దొంగచాటుగా చేరిన మైకోప్లాస్మా బాక్టీరియా కావచ్చు అవి. కణకవచం లేని ఈ అతి చిన్న జీవులు చేరినా ద్రవం తేటగానే ఉంటుంది, కణాలు పెరుగుతున్నట్లే కనబడతాయి. ఆ చుక్కలను గమనించనివారు నెలల తరబడి రోగిష్టి కణాలపైనే ప్రయోగాలు చేస్తూ పోతారు.