ఉచిత పాఠం ఎవరి ఖర్చుతో?

చెంగిచెర్లలో నాకు తెలిసిన ఎనిమిదో తరగతి అమ్మాయి జీవశాస్త్రం పుస్తకం తెచ్చి, పాఠం పక్కన అచ్చయిన క్యూఆర్ కోడు చూపించింది. "మేడమ్, మీ ఫోన్లో ఇది ఒకసారి పెడతారా?" అంది. ఇంట్లో ఫోను లేక కాదు. నెట్ వచ్చే ఫోను ఒక్కటే వుంది. పగలు అది తండ్రితో నాచారం ఫ్యాక్టరీకి పోతుంది, రాత్రి అన్న చేతిలోకి పోతుంది. ఆ తర్వాత ఈమె వంతు. అప్పటికి అంట్లు మిగిలి వుంటాయి.

ఆ పాఠం 'దీక్ష'లో వుంది. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన ఈ వేదికలో ఎవరూ పైసా కట్టనక్కరలేదు. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, తెలంగాణలో టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు చెప్పారు. టీవీ కనీసం ఇంట్లో నలుగురూ చూసే చోట వుంటుంది (రిమోటు ఎవరి చేతిలో వుంటుందన్నది వేరే సంగతి). ఫోను ఒకరి జేబులోది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న స్త్రీలు నూటికి 27 మంది కూడా లేరు. పురుషులు సగానికి పైనే వున్నారు. అలాంటప్పుడు "అందరికీ అందుబాటులో" అనే మాటకు అర్థమేమిటి?

టీచర్లదీ ఇదే కథ. నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయిని రాత్రి వంట ముగించుకుని, తన సొంత ఫోన్లో, సొంత డేటాతో మర్నాటి వీడియోలు దించుకుంటుంది. ఆ గంట ఏ టైంటేబుల్లోనూ లేదు. ఇంటిచాకిరీని లెక్కలోకి రానివ్వని చూపే ఈ శ్రమను కూడా "ఉచితం" అంటున్నది.

అయినా వీటిని వద్దనడం లేదు నేను. ప్రథమ్ బుక్స్ వారి 'స్టోరీవీవర్'లో 2015 నుంచి తెలుగు కథలు కూడా వస్తున్నాయి. రాసినవారి పేరు చెప్పి ఎవరైనా వాటిని అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. వంటింట్లో అమ్మ, పేపరుతో నాన్న అన్న బొమ్మలే చూసి పెరిగిన మనకు ఈ మార్చుకునే హక్కు చిన్నది కాదు. కానీ తెర మీది పాఠం ఎప్పుడైనా మాయం కావచ్చు. ట్రాన్స్‌జెండర్ పిల్లలను బడిలో కలుపుకోవడం గురించి ఎన్‌సీఈఆర్‌టీ టీచర్ల కోసం తయారుచేసిన కరదీపిక 2021లో వెబ్‌సైటుకెక్కింది. అభ్యంతరాలు రాగానే కొద్ది రోజుల్లోనే దాన్ని తీసేశారు. అందుకే అవసరమైనవి దించి, బడిలోనే ఒక ప్రతి దాచుకోవాలి. టీచరు దాన్ని సిద్ధం చేసుకునే సమయం పనివేళల్లోనే వుండాలి. ఆడపిల్లలు పాఠం చూడవలసింది కూడా బడిలోనే, ఇంట్లో మిగిలిన ఫోన్లో కాదు.

2024లో మహిళా సంఘాల నాయకురాళ్ళు అధ్యక్షులుగా అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. మరుగుదొడ్లు, తాగునీరు, మరమ్మతుల పనులు వాళ్ళకు అప్పగించారు. కంప్యూటరు గది తాళంచెవి ఎవరి దగ్గర వుంది, ఆ గది వారానికి ఎన్ని గంటలు తెరుస్తున్నారు అని కూడా వాళ్ళు అడగాలి.