నాలుగు కొమ్ముల రౌటరూ, మన హేతువాదమూ

మా వీధిలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. పెన్షన్ డబ్బుతో లెక్కగా బతికే మనిషి. వెనక గదిలో మనవరాలి ఆన్‌లైన్ క్లాసు మాటిమాటికీ ఆగిపోతోందని కొత్త వైఫై రౌటర్ కొనడానికి బజారుకెళ్ళారు. షాపు కుర్రాడు నాలుగు యాంటెన్నాలున్న పెట్టె తీసి "సార్, ఇది మూడు వేల స్పీడు, మూడు గోడలు దాటేస్తుంది" అన్నాడట. ధర నాలుగు వేల పైమాట. దాంతోపాటు "రేడియేషన్‌ని పీల్చేసే స్టిక్కరు" అని బంగారు రంగు బిళ్ళ ఒకటి, అయిదొందలు. మాస్టారు డబ్బు కట్టకుండా తిరిగొచ్చి నన్నడిగారు: "మీరు తాయెత్తుల మీద అంత మాట్లాడతారు కదండీ, మరి ఇది నమ్మొచ్చా?"

స్టిక్కరు గురించి వెంటనే నవ్వేశాను. రౌటర్ గురించి నవ్వలేకపోయాను. ఎందుకంటే అలాంటి నాలుగు కొమ్ముల పెట్టె మా ఇంట్లోనూ ఉంది. కొనేటప్పుడు నేను అడిగిన సాక్ష్యం ఏమిటి? యాంటెన్నాలు లెక్కపెట్టాను, అట్ట మీది అంకె చూశాను, అంతే. తీరా తెచ్చి పెట్టాక పడకగదిలో పాత కథే. అడ్డం ఉన్నది గోడ కాదు, ఇనప బీరువా! బీరువా జరిపితే పోయేదానికి మూడు వేలు పోశానన్నమాట.

బాబాల బూడిదను పరీక్షించాలనే మనం, అట్ట మీద అచ్చేసిన అంకెను మాత్రం ఎందుకు పరీక్షించం? అంకె చూడటానికి సైన్సులా ఉంటుంది కాబట్టి. నా దృష్టిలో అదీ ఒక మూఢనమ్మకమే, కాకపోతే ప్యాంటూ చొక్కా వేసుకుంది.

ముందు ఆ "మూడు వేలు" సంగతి చూద్దాం. ఈ రౌటర్లు రెండు తరంగాల మీద పనిచేస్తాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. మొదటి దాని మీద గరిష్ఠంగా 574 ఎంబీపీఎస్, రెండో దాని మీద 2402. రెండూ కూడితే 2976. దాన్ని గుండ్రంగా 3000 చేసి "ఏఎక్స్ 3000" అని రాస్తారు. "ఏసీ 1200" కూడా ఇంతే: 300, 867 కలిపితే 1167, అది 1200 అయింది. కానీ మన చేతిలో ఉండే మామూలు ఫోను ఒకసారికి ఒక్క బ్యాండ్‌నే పట్టుకుంటుంది. రెండు రోడ్ల వేగ పరిమితులు కూడి, నీ స్కూటర్ అంత వేగంగా పోతుందని చెప్పినట్టుంది ఈ లెక్క. పైగా 2402 అందుకోవడానికి ఫోనుకీ ఆ సత్తా ఉండాలి. చాలా ఫోన్లు అందులో సగం దగ్గరే ఆగిపోతాయి. ఆ సగమూ కాగితం మీది అంకే. గాలిలో అసలు చేతికొచ్చేది అందులో సగం, అటూ ఇటుగా.

ఇవన్నీ పక్కన పెట్టండి. మాస్టారి ఇంట్లోకి వచ్చే ఫైబర్ కనెక్షన్ 40 ఎంబీపీఎస్‌ది. పంపులో వచ్చే నీళ్ళే బిందెడు అయితే, పెద్ద ట్యాంకు కొన్నంత మాత్రాన నీళ్ళు పెరుగుతాయా? రౌటర్ ఇంటర్నెట్‌ని తయారు చెయ్యదు. వచ్చినదాన్ని ఇంట్లో పంచుతుంది, అంతే.

ఇక యాంటెన్నాలు. పైకి కనిపించే కొమ్ముల సంఖ్యకీ గోడలు దాటే శక్తికీ సూటి సంబంధం లేదు. ప్రసార శక్తికి ప్రభుత్వ నిబంధనల హద్దు ఉంది. ఎన్ని కొమ్ములున్నా ఆ హద్దు దాటడానికి వీల్లేదు. ఎక్కువ యాంటెన్నాలకు ఉపయోగం లేదని కాదు. ఒకేసారి ఎక్కువ పాయల్లో డేటా పంపొచ్చు. కానీ ఫోనులో రెండే యాంటెన్నాలుంటే, రౌటర్‌కి నాలుగున్నా ఆ ఫోనుకి అందేవి రెండు పాయలే.

గోడల విషయంలో భౌతికశాస్త్రం మొహమాటపడదు. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, కానీ ఇటుక గోడకీ కాంక్రీటుకీ త్వరగా లొంగిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మది, కానీ కాస్త దూరం పోతుంది. ఇనప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, నీళ్ళ ట్యాంకు... ఇవన్నీ ఏ రౌటర్‌కైనా శత్రువులే.

ఇక్కడ మన వాస్తు మిత్రులని గుర్తు చేసుకోకుండా ఉండలేను. కరెంటు సామాన్లు ఆగ్నేయ మూలలోనే ఉండాలట! తరంగం రౌటర్ చుట్టూ అన్ని వైపులకీ పోతుంది. దాన్ని ఇంటి మూలలో పెడితే, నేల మీద గీసిన వృత్తంలో నాలుగో వంతే ఇంట్లో పడుతుంది, మిగతాది వీధికీ పక్కింటికీ దానం. రౌటర్ ఇంటి నడుమ, మనిషి తల ఎత్తులో, నాలుగు వైపులా తెరిపిగా ఉండాలి. వాస్తు నిజమో కాదో తేల్చుకోవాలంటే ఇంతకంటే చవకైన ప్రయోగం ఇంకోటి లేదు. ఒకరోజు ఆగ్నేయంలో, ఒకరోజు నడిమధ్యలో పెట్టి స్పీడు కొలవండి.

స్టిక్కరు గురించి నవ్వి ఊరుకుంటే సరిపోదు. మాస్టారికి నిజంగా భయం ఉంది, ఇంట్లో పసిపిల్ల ఉంది. భయానికి ఎగతాళి కాదు, వివరణ కావాలి. రౌటర్ యాంటెన్నా నుంచి వెలువడే శక్తి ఒక వాటులో పదో వంతు ప్రాంతంలో ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ ఫోటాన్ శక్తి ఆకుపచ్చ వెలుగు ఫోటాన్ శక్తిలో దాదాపు లక్షో వంతు. అణువుల బంధాలు తెంచే సత్తా దానికి లేదు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం రేడియో తరంగాలను 2బి జాబితాలో చేర్చిన మాట నిజం. దాన్ని మనం దాచకూడదు. అయితే ఆ జాబితాకి అర్థం "సాక్ష్యం పరిమితం, పూర్తిగా కొట్టిపారేయలేం" అని. తర్వాత అదే జాబితాలోకి కలబంద ఆకు సారం కూడా చేరింది.

అయినా స్టిక్కరు అమ్మేవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి చాలు. అది తరంగాలను నిజంగా పీల్చేస్తే వైఫై సిగ్నల్ పడిపోవాలి. సిగ్నల్ పడిపోకపోతే అది దేన్నీ పీల్చలేదు. వైఫై బాగా రావాలి, తరంగం మాత్రం రాకూడదు అంటే ఎలా? 2020 అక్టోబరులో రాష్ట్రీయ కామధేను ఆయోగ్ అప్పటి అధ్యక్షుడు ఆవు పేడ చిప్ సెల్‌ఫోన్ రేడియేషన్‌ని తగ్గిస్తుందన్నారు. రుజువులు చూపమని వందలాది మంది శాస్త్రవేత్తలు అడగాల్సి వచ్చింది. మన దేశం ఒక్కటే అనుకోకండి. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ ఇలాంటి "రక్షణ" వస్తువులు పదింటిని పరీక్షించి, వాటిలోనే రేడియోధార్మిక పదార్థం ఉందనీ, ఒంటి మీద పెట్టుకోవద్దనీ హెచ్చరించింది. లేని ప్రమాదానికి విరుగుడుగా ఉన్న ప్రమాదాన్ని కొనుక్కోవడమంటే ఇదే!

డాక్టర్ కోవూర్ అద్భుత శక్తులున్నాయన్నవాళ్ళని సీలు వేసిన కవరులోని నోటు నంబరు చదవమని సవాలు చేశారు. ఆ సవాలులో గొప్ప ఏమిటంటే, ఏం జరిగితే ఓడినట్టో ముందే తేల్చడం. రౌటర్ దగ్గరా అదే పద్ధతి. మాస్టారూ నేనూ ఒక కాగితం తీసుకుని ఇలా చేశాం.

మొదట ఇంటర్నెట్ కంపెనీవాళ్ళిచ్చిన పెట్టెకి ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో కలిపి కొలిచాం. కేబుల్‌లోనే స్పీడు రాకపోతే తప్పు రౌటర్‌ది కాదు, కంపెనీకి ఫోన్ చెయ్యాలి. ఇక్కడ 40 నిక్షేపంగా వచ్చింది. తర్వాత ఒకే ఫోనుతో ప్రతి గదిలో మూడేసి సార్లు, పొద్దునా రాత్రీ కొలిచాం. టీవీ వెనక మూలలో ఇరుక్కున్న ఆ పెట్టెని హాలు గోడ మీదికి మార్చి మళ్ళీ కొలిచాం. ఒక్క గది తప్ప ఇల్లంతా బాగుపడింది. వెనక గది మాత్రం మొండికేసింది, మధ్యలో రెండు గోడలు మరి.

దానికి మందు నాలుగు కొమ్ములు కాదు, ఒక కేబుల్. హాల్లో పెట్టె నుంచి వెనక గదికి లాన్ వైరు లాగి, అక్కడ ఒక చవక రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాం. వైరుతో సహా, కొనబోయిన దానిలో సగం డబ్బు కూడా కాలేదు. మనవరాలి క్లాసు ఆగటం లేదు.

ఖరీదైనవన్నీ మోసమే అని తీర్మానించకండి, అదీ ఒక నమ్మకమే అవుతుంది. మీ ప్లాన్ 100 ఎంబీపీఎస్ దాటితే గిగాబిట్ పోర్టు ఉన్నది తప్పనిసరిగా చూడండి. చవక రకాల్లో చాలావాటికి పోర్టు 100 దగ్గరే ఆగిపోతుంది, అట్ట మీద 1200 ఉన్నా సరే. ఇంట్లో ఒకేసారి నడిచే పరికరాలు ఎక్కువుంటే వైఫై 6 పనికొస్తుంది. రెండు బ్యాండ్లు, కనీసం డబ్ల్యూపీఏ2 భద్రత, కంపెనీ ఇప్పటికీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇస్తోందా అన్నది... ఇవి కొమ్ముల కంటే ముఖ్యం. తెచ్చిన రోజే పాస్‌వర్డు మార్చండి. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షలాది పరికరాల్లోకి దూరింది, ఎవరూ మార్చని ఫ్యాక్టరీ పాస్‌వర్డులు పట్టుకునే!

మాస్టారు ఆ కాగితాన్ని మడిచి దాచుకున్నారు. మళ్ళీ ఆ షాపుకి వెళ్ళినప్పుడు కుర్రాడికి చూపిస్తారట. కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతనికి నేర్పిందే అతను చెప్పాడు. పూజారికైనా, సేల్స్‌మేన్‌కైనా మనం వెయ్యాల్సిన ప్రశ్న ఒకటే: "నీకెలా తెలుసు?" ఆ ప్రశ్నని గుడి ముందు వేసి, కొట్టు ముందు మరిచిపోతే మనది సగం హేతువాదమే. నాది మూడు వేల రూపాయల మేరకి సగమే అని ఒప్పుకుంటున్నాను.