ఉన్నదున్నట్టు గీయడమే చిత్రకళా?

ఒక బొమ్మ బాగుందని మనం ఎప్పుడు అంటాం? "అచ్చం మనిషిలాగే ఉంది", "చెయ్యి చాపి ఆ పండు అందుకోవాలనిపిస్తోంది", "ఫోటో తీసినట్టుంది" అని మెచ్చుకుంటాం. పోలిక కుదరకపోతే, "ఇదేం బొమ్మ?" అని పెదవి విరుస్తాం. మంచి చెడ్డలు తేల్చడానికి మన దగ్గర ఉన్న కొలబద్ద ఇదొక్కటే. ఈ కొలబద్ద సరైనదేనా? నేను చాలా కాలం సరైనదేననుకున్నాను. ఆ పొరపాటు ఎలా తెలిసివచ్చిందో ముందుగా చెబుతాను.

నేను ఉపాధ్యాయుడిగా చేరిన తొలి రోజులవి. పాఠశాల వార్షికోత్సవానికి పిల్లలు బొమ్మలు వేసి తెచ్చారు. ఏడో తరగతి బాలుడొకడు మా ఊరి కొండను ఊదా రంగులో చిత్రించాడు. తోటి పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. "కొండ ఎక్కడైనా ఊదాగా ఉంటుందా? పచ్చరంగు వేసి పట్టుకురా" అన్నాను. మర్నాడు బుద్ధిగా పచ్చని కొండ వేసి తెచ్చాడు. దాన్ని గోడకు తగిలించాం. ఆ తరువాత ఆ పిల్లవాడు నాకు మరే బొమ్మా చూపలేదు. కొన్నేళ్లకు ఒకనాటి సాయంత్రం, పొద్దు గుంకిన కాసేపటికి, చెరువుగట్టు మీద నిలబడి ఆ కొండకేసి చూశాను. అది ఊదాగానే ఉంది. పిల్లవాడు చూసి వేశాడు. నేను చూడకుండానే తీర్పు చెప్పాను.

ఉన్నదున్నట్టు చిత్రించడం గొప్ప విద్యే. ఆ మాట కాదనను. ఐరోపాలో సాంస్కృతిక పునరుజ్జీవనం వెల్లివిరిసిన కాలంలో ఆ విద్య శిఖరాన్ని అందుకుంది. పదిహేనో శతాబ్దపు తొలి రోజుల్లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో బ్రూనెలెస్కీ అనే వాస్తుశిల్పి, దూరంగా ఉన్న వస్తువులు చిన్నవిగా కనిపించే తీరును లెక్క ప్రకారం గీయవచ్చునని నిరూపించాడు. రైలు పట్టాలు దూరాన ఒక బిందువు వద్ద కలిసినట్టు కనిపిస్తాయి కదా! ఆ సూత్రమే దీనికి ఆధారం. దీనినే పర్‌స్పెక్టివ్ అంటారు. 1435లో ఆల్బెర్తీ ఈ పద్ధతిని వివరిస్తూ గ్రంథం రాశాడు. అంతకు ముందే మసాచో అనే యువ చిత్రకారుడు ఫ్లోరెన్స్‌లోని ఒక చర్చి గోడపై ఈ పద్ధతిలో బొమ్మ వేశాడు. గోడను తొలిచి లోపల మరో గది కట్టారా అనిపించేంత లోతు అందులో కనిపిస్తుంది.

లియొనార్డో డావించి మృతదేహాలను కోసి, ఎముకలూ కండరాలూ ఎలా అమరి ఉన్నాయో పరిశీలించి గీశాడు. ఆయన వేసిన 'మోనాలిసా'లో పెదవుల చివర, కంటి కొసల వద్ద గీత కనిపించదు. వెలుగు నీడలోకి పొగలా కరిగిపోతుంది. మైకెలాంజిలో 1508 నుండి 1512 వరకు శ్రమించి రోమ్‌లోని సిస్టీన్ ప్రార్థనా మందిరపు పైకప్పును చిత్రాలతో నింపాడు. ఆ మనుషులు చెక్కిన శిల్పాల్లా పైకప్పు నుండి ముందుకు పొడుచుకువచ్చినట్టు కనిపిస్తారు.

అయితే ఈ మహానుభావులు సైతం ఉన్నదున్నట్టే చిత్రించారా? కాస్త నిదానించి చూద్దాం. రాఫేల్ వేసిన 'ఏథెన్స్ విద్యాపీఠం' అనే కుడ్యచిత్రంలో ప్లేటో, అరిస్టాటిల్, మరెందరో పండితులు ఒకే మండపంలో సమావేశమై ఉంటారు. వారిలో పలువురు వేరు వేరు శతాబ్దాల వారు. అటువంటి సభ ఏనాడూ జరగలేదు. మైకెలాంజిలో చెక్కిన 'పియెతా' శిల్పంలో మరణించిన కుమారుణ్ణి ఒడిలో పెట్టుకున్న మేరీమాత, అంత వయసు వచ్చిన కొడుకు ఉన్న తల్లిలా ఉండదు; నవయువతిలా ఉంటుంది. లెక్కలు తెలియక ఆ శిల్పి పొరబడ్డాడా? కాదు. ఆయన చూపదలచినది వయసు కాదు, పవిత్రత. పోలికను సాధించినవారే, అవసరమైన చోట దానిని పక్కన పెట్టారన్నమాట.

మరొక సంగతి. మైకెలాంజిలో జీవించిన పదహారో శతాబ్దంలోనే మన లేపాక్షి వీరభద్రస్వామి ఆలయంలో విజయనగర చిత్రకారులు పైకప్పులను చిత్రాలతో అలంకరించారు. అక్కడ ముఖాలు చాలావరకు పక్కవాటుగా ఉంటాయి. లోతు చూపాలన్న తాపత్రయం లేదు. కానీ ఆ గీత బలం, చీరల అంచుల సొగసు, మనుషులు వరుస తీరిన తీరు ఎంత చూసినా తనివి తీరదు. ఒకరు వెలుగునీడలతో సాధించిన దానిని మరొకరు రేఖతో సాధించారు. ఒకరిది ఎక్కువ, మరొకరిది తక్కువ అనడానికి ఆధారం ఏమిటి?

ఈ విషయం గొప్ప కళాకారులకు తెలుసు. పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ వెలుగునీడల చిత్రణలో సాటిలేనివాడు. 1642లో ఆయన పూర్తి చేసిన 'రాత్రి కాపలా' చిత్రంలో వెలుగు ఎవరి మీద పడాలో, ఎవరు చీకటిలో ఉండాలో ఆయనే నిర్ణయించాడు. అంతటివాడు తన చివరి దశలో, మన దేశం నుండి చేరిన మొగలు సూక్ష్మచిత్రాలను ముందు పెట్టుకుని వాటి నకళ్లు గీశాడు. వాటిలో ఇరవైకి పైగా నేటికీ మిగిలి ఉన్నాయి. నీడలు వేయడం తెలియని బొమ్మలని ఆయన వాటిని చూసి నవ్వలేదు. పరాయి దేశపు గీత ముందు విద్యార్థిలా కూర్చున్నాడు. పాండిత్యం కంటే ఆ వినయమే నాకు గొప్పగా తోస్తుంది.

నవ్వినవారి కథ కూడా చెప్పుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్ నగరంలో సాలోన్ అనే అధికారిక ప్రదర్శన జరిగేది. అందులో చోటు దొరికితేనే చిత్రకారుడికి పేరూ, బేరమూ. ఏది ఉత్తమ చిత్రమో నిర్ణాయకుల సంఘం తేల్చేది. నునుపైన రంగులు, పురాణగాథలు, తప్పు పట్టలేని పోలిక వారి కొలబద్ద. 1863లో ఆ సంఘం తిరస్కరించిన చిత్రాలు ఎన్నో! గగ్గోలు పుట్టడంతో చక్రవర్తి మూడో నెపోలియన్, తిరస్కృత చిత్రాలను వేరుగా ప్రదర్శించమని ఆజ్ఞాపించాడు. జనం విరగబడి వచ్చారు. చాలామంది నవ్వడానికే వచ్చారు.

ఈలోగా రెండు మార్పులు వచ్చాయి. 1839లో ఫోటోగ్రఫీ లోకానికి వెల్లడైంది. మనిషి రూపును ఉన్నదున్నట్టు పట్టే పనిని యంత్రం అందుకున్నది. 1841లో రంగులను లోహపు గొట్టాలలో నింపి అమ్మే పద్ధతి వచ్చింది. దానితో చిత్రకారుడు రంగుల సంచి తగిలించుకుని గది విడిచి పొలాలకూ, నదీతీరాలకూ వెళ్లగలిగాడు. ఆరుబయట వెలుగు నిమిష నిమిషానికీ మారుతుంది. ఆ మార్పును పట్టాలంటే కుంచె వేగంగా కదలాలి.

అలా చిత్రించిన ముప్పైమంది దాకా కళాకారులు 1874లో పారిస్‌లో సొంతంగా ప్రదర్శన ఏర్పాటు చేసుకున్నారు. మోనే, రెన్వార్, పిస్సారో, దెగా, సెజాన్ వారిలో ఉన్నారు. మోనే వేసిన ఒక చిత్రం పేరు 'ఇంప్రెషన్, సూర్యోదయం'. పొగమంచు కమ్మిన రేవులో ఎర్రని సూర్యబింబం, నీటిపై నాలుగు కుంచె విసుర్లు, అంతే. లెరూవా అనే విమర్శకుడు దీనిని ఎగతాళి చేస్తూ, గోడకు అంటించే కాగితం కూడా ఇంతకంటే పూర్తయినట్టు ఉంటుందని రాశాడు. ఆ వెక్కిరింతలోని మాటే ఉద్యమానికి పేరై నిలిచింది. అదే ఇంప్రెషనిజం.

ఆ మోనేయే 1890, 1891 సంవత్సరాలలో తన ఇంటి దగ్గరి పొలంలోని గోధుమ కుప్పలను మళ్లీ మళ్లీ చిత్రించాడు. ఉదయం, సాయంకాలం, మంచు కురిసినప్పుడు, ఎండ కాసినప్పుడు. కుప్ప అదే, రంగు మాత్రం ఒక్కొక్క వేళ ఒక్కొక్కటి. ఒకచోట నారింజ, ఒకచోట గులాబి, మరొకచోట ఊదా. కుప్పకు శాశ్వతమైన రంగంటూ లేదు, దాని మీద పడే వెలుగుకే రంగు అని ఆయన మనకు చూపాడు. మా ఊరి పిల్లవాడు ఊదా కొండ వేసిన నాటికి మోనే పేరు విని ఉండడు. కానీ ఇద్దరూ చూసినది ఒకటే.

ఒకే కొలబద్ద వల్ల జరిగే అన్యాయానికి మరో రుజువు ఉన్నది. పారిస్‌లోని ప్రభుత్వ కళాశాల 1897 దాకా స్త్రీలను చేర్చుకోలేదు. నమూనా మనిషిని ఎదుట నిలిపి గీసే శిక్షణ లేనిదే పెద్ద చిత్రకారులు కాలేరని చెప్పినవారే, ఆ శిక్షణ దొరికే తలుపును స్త్రీలకు మూసి ఉంచారు. 1874 ప్రదర్శనలో పాల్గొన్న బెర్త్ మొరిసో ఆ తలుపు బయట నేర్చుకుని ఎదిగిన కళాకారిణి. గొప్ప చిత్రకారిణులు ఎందుకు తక్కువని అడిగేవారు ముందు ఆ తలుపు సంగతి అడగాలి.

ఇక పికాసో. ఈయన బొమ్మలను చూసి, "గీయడం చేతకాక ఇలా వేశాడు" అనేవారు నేటికీ ఉన్నారు. పికాసో 1897లో, పదిహేనేళ్ల వయసులో, 'విజ్ఞానమూ దయా' అనే పెద్ద తైలవర్ణ చిత్రం వేశాడు. మంచంపై రోగి, నాడి చూస్తున్న వైద్యుడు, బిడ్డను ఎత్తుకున్న సన్యాసిని. అందులో పోలికకు వంక పెట్టలేం. కాబట్టి చేతకాకపోవడమన్న మాట నిలవదు. చేతనైన దానిని ఆయన కావాలని విడిచిపెట్టాడు. 1907 తరువాత ఆయనా, బ్రాక్ అనే మిత్రుడూ కలిసి ఒక వస్తువును ముందు నుండి, పక్క నుండి ఒకేసారి చూసినట్టు చిత్రించే క్యూబిజానికి పునాది వేశారు.

ఆ మార్గం ఎందుకు అవసరమైందో 1937లో లోకానికి తెలిసింది. స్పెయిన్‌లో అంతర్యుద్ధం జరుగుతున్నది. ఏప్రిల్ 26న గెర్నికా అనే చిన్న పట్టణంపై జర్మనీ, ఇటలీ విమానాలు బాంబులు కురిపించాయి. ఆ వార్తలు చదివిన పికాసో కొద్ది వారాలలోనే 'గెర్నికా' చిత్రాన్ని పూర్తి చేశాడు. ఏడు మీటర్లకు మించిన వెడల్పు. నలుపు, తెలుపు, బూడిద రంగులే. చచ్చిన బిడ్డను పట్టుకుని ఆకాశంకేసి అరిచే తల్లి, నాలుక ముల్లులా మారిన గుర్రం, విరిగిన కత్తి పట్టిన చెయ్యి. ఇందులో ఏ ముఖమూ నిజమైన ముఖంలా లేదు. కానీ దుఃఖం నిజం. కూలిన ఇళ్లను ఫోటో చూపగలదు. ఆ తల్లి గొంతులోని కేకను ఈ చిత్రం చూపింది. స్పెయిన్‌లో ప్రజాస్వామ్యం తిరిగి నెలకొన్న తరువాతే తన చిత్రం ఆ దేశం చేరాలని పికాసో కోరాడు. ఆయన మరణించిన ఎనిమిదేళ్లకు, 1981లో, అది స్పెయిన్ చేరింది.

అయితే వంకరగా గీసినదల్లా గొప్ప చిత్రమేనా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొత్తదనం పేరుతో వచ్చేవన్నీ నిలవవు. సాధన చేయక, శ్రమ పడక, "ఇదీ ఒక పద్ధతే" అనేవారిని నేను సమర్థించను. వాన్‌గో చిత్రకారుడిగా పనిచేసినది పదేళ్లు మాత్రమే. ఆ పదేళ్లలో ఎనిమిది వందలకు పైగా తైలవర్ణ చిత్రాలు వేశాడు. జపాను చిత్రకారుడు హిరోషిగే ముద్రణలకు నకళ్లు వేసి నేర్చుకున్నాడు. స్వేచ్ఛ వెనుక అంత సాధన ఉండాలి. నేను కోరేది ఒక్కటే: తీర్పు చెప్పే ముందు చూడండి. ఈ చిత్రకారుడు ఏమి చూపదలిచాడు? అందుకు ఎంచుకున్న దారి తగినదేనా? ఇది చూశాక నా చూపులో ఏమైనా మార్పు వచ్చిందా? ఈ మూడు ప్రశ్నలూ వేసుకున్న తరువాత కూడా బొమ్మ నచ్చకపోతే, నచ్చలేదని చెప్పే హక్కు మీకు తప్పక ఉంది.

ఇది బొమ్మలకే పరిమితమైన మాట కాదు. తెలుగునాడుకు దూరంగా తరతరాలుగా స్థిరపడిన మన ఇళ్లలోని తెలుగును విని, "ఇదేం తెలుగు?" అని నవ్వేవారు మీకు తారసపడే ఉంటారు. ఆ నవ్వు ఎంత గుచ్చుకుంటుందో మీకు తెలుసు. మన మాటలో పొరుగు భాషల పలుకుబడి కలిసి ఉండవచ్చు. మరోచోట మరుగున పడిన పాత మాట మన నోట బతికి ఉండవచ్చు. ఒకే కొలబద్ద పట్టుకున్నవారికి ఇవి తప్పులుగా కనిపిస్తాయి. తెలిసినవారికి సంపదగా కనిపిస్తాయి. ఆ నొప్పి ఎరిగిన మనం మరొకరి గీతను, రంగును, పలుకును చూసి తొందరపడి నవ్వడం తగదు.

పండుగనాడు వాకిట్లో వేసిన ముగ్గులో తామరపువ్వును చూసి, "ఇది చెరువులోని తామరలా లేదే" అని ఎవరమైనా అంటామా? అనం. చుక్కల మధ్య నడిచిన గీత అందం మనకు తెలుసు. ముగ్గును చూసే ఆ కళ్లతోనే లోకంలోని బొమ్మలన్నింటినీ చూడగలిగితే చాలు. ఇప్పుడు ఏ పిల్లవాడైనా ఊదా కొండ వేసి తెస్తే, నేను రంగు మార్చమని అడగను. "ఏ వేళప్పుడు చూశావు నాయనా?" అని అడుగుతాను.