లైసెన్సు బీరువాలో... మనం పక్క సీట్లో!

సెలవులొస్తే ఊటీ, కొడైకెనాల్ అనుకునే రోజులు పోయాయి. ఇప్పుడు పెద్ద టైర్ల బళ్ళు కొనుక్కుని, సొంతంగా నడుపుకుంటూ హిమాలయాల దాకా వెళ్ళొస్తున్న తెలుగు కుటుంబాలు కనిపిస్తున్నాయి. లడఖ్, స్పితి అనే పేర్లు మన ఇళ్ళల్లో మామూలు మాటలైపోయాయి. సంతోషమే. అయితే వాళ్ళు తెచ్చిన ఫొటోలు ఒక్కసారి శ్రద్ధగా చూడండి. స్టీరింగ్ ముందు ఆయన. పక్క సీట్లో, ఒళ్ళో జంతికల డబ్బా, నీళ్ళ సీసా, పిల్లాడి స్వెట్టరూ పెట్టుకుని ఆవిడ. లైసెన్సు ఆవిడకీ ఉంటుంది. ఊళ్ళో పిల్లల్ని స్కూల్లో దింపడానికీ, కూరలకీ కారు తీసేది ఆవిడే. కొండదారి మొదలయ్యేసరికి మాత్రం "ఇక నువ్వు దిగు, నేను నడుపుతా" అన్న మాట వినిపిస్తుంది. ఆవిడా "హమ్మయ్య" అనుకుని తప్పుకుంటుంది.

దీన్ని ఆడా మగా సమానత్వం గొడవ అని తీసిపారేయకండి. అంత ఎత్తు కొండల్లో ఇది ప్రాణాల సంగతి.

మనాలి నుంచి స్పితి లోయలోని కాజాకు వెళ్ళే దారినే తీసుకుందాం. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కకుండానే లాహౌల్ చేరుకోవచ్చు. అక్కణ్ణించి గ్రాంఫూ, ఛత్రూ, బాతల్ మీదుగా, చంద్రా నది పక్కనే సాగి, కుంజుమ్ కనుమ ఎక్కాలి. పేరుకి జాతీయ రహదారే. ఎన్ని మరమ్మతులు చేసినా, ఒక్క కొండచరియ విరిగినా, ఒక్క వాగు పొంగినా మళ్ళీ గుండ్రాళ్ళూ గులకా మిగులుతాయి. కుంజుమ్ ఎత్తు 4,551 మీటర్లు, అంటే దాదాపు 15 వేల అడుగులు. చలికాలమంతా మంచుతో మూసుకుపోయి, మామూలుగా జూన్ నుంచి అక్టోబరు దాకా తెరిచి ఉంటుంది.

ఇలాంటివాటిని మధ్యరకం కొండదారులు అనుకోవచ్చు. తారు రోడ్డంత సుఖం ఉండదు. అలాగని బండరాళ్ళ మీద పోటీలు పడి ఎక్కించే దారులంత కష్టమూ కాదు. నేలకి కాస్త ఎత్తుగా ఉన్న బండి, నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే ఏర్పాటు, నడిపేవాళ్ళకి ఓర్పు ఉంటే చాలు.

కానీ గాలి మాట మరిచిపోకూడదు. కుంజుమ్ మీద గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరున్న దాంట్లో ఇంచుమించు 57 శాతమే. ఊపిరికి అందే ప్రాణవాయువూ అంతే. మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు. పొద్దున్నే బయల్దేరి అదే రోజు కుంజుమ్ చేరామంటే, ఒక్క పూటలో 2,500 మీటర్లు ఎక్కేశామన్నమాట! తలనొప్పి, వికారం, వాంతులు, కళ్ళు తిరగడం... ఎవరికైనా రావొచ్చు. "పాపం, ఈయన డ్రైవరు కదా, వదిలేద్దాం" అని ఆ జబ్బు అనుకోదు. రోజూ వ్యాయామం చేసే కుర్రాణ్ణీ పడేస్తుంది. ముదిరితే అన్నిటికన్నా ముఖ్యమైన వైద్యం ఒకటే, వెంటనే కిందికి దిగడం. దింపేదెవరు? తల పట్టుకుని వాంతులు చేసుకుంటున్న మనిషా?

బాతల్ దగ్గర పెద్దవాళ్ళయిన దంపతులు నడిపే 'చాచా-చాచీ' దాబా ఉంది. మంచులో చిక్కుకున్న ఎందరో ప్రయాణికులకి అన్నంపెట్టి కాపాడిన చోటది. అలాంటి పుణ్యాత్ములు ప్రతి మలుపులోనూ ఉండరు. చాలా దూరం ఫోను కూడా పలకదు. అందుకే కొండెక్కే బండిలో ఇద్దరు డ్రైవర్లుండాలి. ఆ రెండో డ్రైవరు ఎక్కడో లేదు, జంతికల డబ్బా పట్టుకుని పక్కనే కూర్చుంది.

"ఆడవాళ్ళకి అంత బలం ఎక్కడిదండీ?" అంటారు. అసలు ఆ దారికి కావలసింది బలమా? సన్న సెగ మీద పాలు కాచే మనిషికి ఉండే నిదానం కావాలి. ఏ గేరులో ఎక్కామో ఇంచుమించు ఆ గేరులోనే దిగాలి. అప్పుడు బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది. దిగినంతసేపూ బ్రేకు తొక్కుతూ కూర్చుంటే అది వేడెక్కి, సరిగ్గా అవసరమైనప్పుడే మొండికేస్తుంది. వాగులుంటాయా, అవి మంచు కరిగి వచ్చే నీళ్ళు. పొద్దున తక్కువ, ఎండ ముదిరి మధ్యాహ్నమయ్యేసరికి ఎక్కువ. కాబట్టి పెందలాడే దాటాలి. దాటేముందు దిగి, లోతూ వడీ చూడాలి. ముందు వెళ్ళే బండి ఎలా వెళ్తోందో గమనించాలి. మొదటి గేరులో, నీళ్ళ మధ్య ఆగకుండా, క్లచ్ జోలికి పోకుండా నెమ్మదిగా సాగాలి. అనుమానముంటే వెనక్కి తిరగడమే తెలివి. ఇరుకు దారిలో పైకి ఎక్కే బండికి దిగే బండి చోటివ్వాలన్నది చట్టం చెప్పే నియమం కూడా. వీటిలో కండబలంతో పనేముంది చెప్పండి?

నిరూపించినవాళ్ళూ ఉన్నారు. దీపా మాలిక్‌కి ఛాతీ కింది భాగంలో చలనం లేదు. అయినా 2009లో రెయిడ్ ది హిమాలయా ర్యాలీలో పాల్గొన్నారు. 2016 రియో పారాలింపిక్స్‌లో షాట్‌పుట్‌లో రజతం తెచ్చారు. మన నల్లగొండ ప్రాంతపు గిరిజన తండాలో పుట్టిన వి. సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరయింది. ఆ కొండల్లో రోడ్లు వేసే సరిహద్దు రోడ్ల సంస్థలోనూ 2021లో వైశాలి హివాసే ఒక రోడ్డు నిర్మాణ కంపెనీకి నాయకత్వం వహించిన తొలి మహిళా అధికారి అయ్యారు. రోడ్డు వెయ్యగలిగినవాళ్ళం, దాని మీద నడపలేమా?

అయితే ధైర్యం ఉంది కదా అని ఏకంగా కుంజుమ్‌కి బయల్దేరమని నా అభిప్రాయం కాదు. ముందు ఊరి బయట ఖాళీ మైదానంలో, ఆ తర్వాత అరకు ఘాట్ లాంటి చోట, అనుభవమున్నవాళ్ళు పక్కనుండగా అలవాటు చేసుకోవాలి. టైరు మార్చడం, గాలి కొట్టడం నేర్చుకోవాలి. స్పితికి వెళ్ళాలనుకుంటే సిమ్లా, కిన్నౌర్ మీదుగా నాలుగైదు రోజులు ఆగుతూ వెళ్ళడం ఒంటికి మంచిది. దారిలో క్రీ.శ. 996 నాటి తాబో మఠం చూసినట్టూ అవుతుంది. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా కదలకూడదు. ఒంటరిగా ఒక్క బండి వెళ్ళడం కన్నా రెండు కుటుంబాలు కలిసి వెళ్తే మేలు.

ఇంకొక్క మాట. ఫొటో బాగా వస్తుందని దారి వదిలి పచ్చిక మీదికి బండి తోలకండి. అక్కడ గడ్డి మొలిచే రోజులే తక్కువ. ఒక్కసారి టైరు కింద నలిగితే కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

మగవారికి ఒక విన్నపం. ఆవిడ నడుపుతున్నప్పుడు "అదిగో రాయి, ఇదిగో లోయ, బ్రేకు, బ్రేకు!" అని కేకలెయ్యకండి. జంతికల డబ్బా మీ ఒళ్ళో పెట్టుకుని, ఊరికే కొండలు చూడండి. అవి చాలా బావుంటాయి.

కుంజుమ్ పైన అమ్మవారి గుడి ఉంది. వచ్చిన బళ్ళు గుడి చుట్టూ ప్రదక్షిణం చేసి మరీ ముందుకు సాగుతాయి. కనుమను కాపాడేది అమ్మేనని దణ్ణం పెట్టుకునే చేతులు, స్టీరింగ్‌ని ఇల్లాలికి ఇవ్వడానికి ఎందుకు వణకాలి? వచ్చే వేసవికి ఇంకా సమయముంది. ముందు ఆ బీరువా తెరిచి లైసెన్సు బయటికి తియ్యండి. గడువు తీరిపోయిందేమో కూడా చూసుకోండి!