కోడి విసిరినోళ్లు, చేప విసిరినోళ్లు, మధ్యలో విజిల్ ఊదేవాడు

ఇవాళ్టి పోస్టు ధరల గురించి కాదు, ఎరువుల గురించీ కాదు. ఆట గురించి. పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదవండి. సంక్రాంతికి ఊళ్లో కబడ్డీ పోటీలు పెట్టే కుర్రాళ్లు మాత్రం తప్పకుండా చదవాలి.

ముందు ఒక ప్రశ్న. వ్యవసాయం చదువుకునే పిల్లల్ని ఎగతాళి చేయాలంటే ఎవరైనా ఏం చేస్తారు? అమెరికాలో ఒకాయన చచ్చిన కోడిని విసిరాడు.

1973 నాటి సంగతి ఇది. అక్కడ హార్వర్డ్, కార్నెల్ అని రెండు పేరున్న విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. హార్వర్డ్ బోస్టన్ పక్కన ఉంది. 1636 నాటిది, పెద్దింటి పిల్లల చదువని పేరు. కార్నెల్ 1865లో పుట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా అనే చిన్న ఊళ్లో ఎజ్రా కార్నెల్ అనే ఆయన తన సొంత పొలం ఇస్తే, ఆ పొలంలోనే కట్టారు. అందులో పెద్ద వ్యవసాయ కళాశాల ఉంది. అమెరికా ప్రభుత్వం 1862లో చట్టం చేసి, రైతుబిడ్డలకి కూడా పెద్ద చదువు అందాలని భూములిచ్చి నిలబెట్టిన విద్యాలయాల్లో కార్నెల్ ఒకటి. మనకీ దానికీ దూరపు చుట్టరికం ఉంది. 1964లో మన రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టింది ఆ నమూనా చూసుకునే.

ఈ రెండు కాలేజీలకీ ఐస్ హాకీలో పడదు. చెప్పుకునే కథ ఏంటంటే, హార్వర్డ్‌లో మ్యాచ్ జరుగుతుంటే వాళ్ల అభిమాని ఒకడు కార్నెల్ గోల్‌కీపర్ వైపు చచ్చిన కోడిని విసిరాడు. మీరు కోళ్లు పెంచుకునే కాలేజీవాళ్లు, మీకు ఆటెందుకు అని దానర్థం. తర్వాత హార్వర్డ్ జట్టు ఇథాకా వచ్చినప్పుడు కార్నెల్ పిల్లలు మంచు మీదకి చేపలు విసిరారు. మీది చేపల రేవు కదా, ఇవిగో తీసుకోండి అని. అది ఆనవాయితీ అయిపోయింది. 50 ఏళ్లు దాటినా హార్వర్డ్ వస్తోందంటే అక్కడి పిల్లలు చొక్కాల్లో చేపలు దాచుకుని లోపలికి వస్తారు.

చదివి నవ్వుకున్నాను. తర్వాత కాస్త ఆలోచిస్తే నవ్వు ఆగింది. కోడిని పెంచినవాడు ఎవరు? చేపని పట్టినవాడు ఎవరు? ఆ గొడవలో వాళ్లిద్దరికీ ఏమన్నా సంబంధం ఉందా? ఇద్దరు చదువుకున్నోళ్లు తిట్టుకోవడానికి మధ్యలో మన పని తిట్టు అయిపోయింది. సరే, కుర్రతనం అనుకుందాం. నేను చెప్పాలనుకున్నది దాని తర్వాత సంగతి. అన్నేళ్ల నుంచి అంత ఒళ్లుమంట ఉన్నా ఆ మ్యాచ్‌లు ఆగలేదు. మన దగ్గర రెండు ఊళ్ల మధ్య ఒక్క కబడ్డీ ఫైనల్లో గొడవైతే మూడేళ్లు పోటీలే ఉండవు. తేడా ఎక్కడుంది?

హాకీ అనగానే ధ్యాన్‌చంద్ ఆడిన మైదానం హాకీ అనుకోకండి. ఇది గడ్డకట్టిన మంచు మీద, కాళ్లకి పదునైన స్కేట్లు కట్టుకుని ఆడేది. జట్టుకి ఐదుగురు, గోల్‌కీపర్ ఆరోవాడు. బంతి ఉండదు. పక్ అని నల్లటి రబ్బరు బిళ్ల. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. పక్ ఎవడి దగ్గరుంటే వాణ్ని భుజంతో గుద్ది తోసేయడం ఈ ఆటలో తప్పు కాదు, అది ఆటే. కానీ వెనక నుంచి తోస్తే తప్పు. తలకి కొడితే పెద్ద తప్పు. చుట్టూ ఉన్న చెక్కగోడకి ప్రమాదంగా అదిమి కొట్టినా తప్పే. ఇప్పుడు చెప్పండి, అంత వేగంలో భుజం తగిలింది ఛాతీకా, తలకా అనేది ఎవరు తేల్చాలి? అక్కడ పుట్టే తగువులన్నీ ఈ సందులోనే పుడతాయి. "మావాడు శుభ్రంగా గుద్దాడు, మీవాడే తలొంచాడు" అని ఒకళ్లు. "మీవాడు రౌడీ, రిఫరీ మీ మనిషి" అని ఇంకొకళ్లు. మ్యాచ్ అయిపోయి వారం దాటినా ఆ వాదన ఆగదు.

ఈ వాదనలో నిజం ఎవరి వైపుంటుంది? దీని మీద ఒక మంచి పరిశీలన ఉంది. 1951లో డార్ట్‌మౌత్, ప్రిన్స్‌టన్ అనే రెండు కాలేజీల మధ్య అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ మోటుగా జరిగింది. ప్రిన్స్‌టన్ జట్టులో పేరున్న ఆటగాడి ముక్కు విరిగింది, డార్ట్‌మౌత్ ఆటగాడి కాలు విరిగింది. మీదంటే మీదే తప్పని రెండు కాలేజీలూ కొట్టుకున్నాయి. అప్పుడు ఇద్దరు పరిశోధకులు, ఒకాయన డార్ట్‌మౌత్‌లో పనిచేసే హాస్టార్ఫ్, ఇంకొకాయన ప్రిన్స్‌టన్‌లో పనిచేసే కాంట్రిల్, ఆ మ్యాచ్ ఫిల్మ్‌ని రెండు కాలేజీల పిల్లలకీ వేసి చూపించారు. కనిపించిన తప్పులు రాయమన్నారు. డార్ట్‌మౌత్ ఆటగాళ్లు చేసిన తప్పులు డార్ట్‌మౌత్ పిల్లలకి సగటున 4.3 కనిపించాయి. ప్రిన్స్‌టన్ పిల్లలకి అవే తప్పులు 9.8 కనిపించాయి! ఫిల్మ్ ఒకటే, కళ్లు వేరు. 1954లో ఈ సంగతి అచ్చయింది.

ఆ పిల్లలు కావాలని అబద్ధం ఆడలేదు, గమనించండి. వాళ్లకి నిజంగానే అలా కనిపించింది. గట్టు తగాదాలో మనకి ఎప్పుడూ పక్కోడే జరిగినట్టు కనిపిస్తుంది కదా, అలాగన్నమాట. కాబట్టి "నా కళ్లతో చూశాను" అనే మాట ఆటలో సాక్ష్యం కాదు. ఏ జట్టూ తనది కానివాడు ఒకడు మధ్యలో ఉండాల్సిందే. వాడు తప్పు చేస్తాడా? చేస్తాడు. కానీ వాడి తప్పు ఒకసారి మీకు నష్టం చేస్తే, ఒకసారి అవతలోళ్లకి చేస్తుంది. మన తప్పు మాత్రం ఎప్పుడూ మన వైపే మొగ్గుతుంది.

ఇక అక్కడివాళ్లు కట్టుకున్న కట్టుబాట్లు చూడండి. నాకు నచ్చినవి నాలుగు.

మొదటిది, శిక్ష జట్టుకి తగులుతుంది. చిన్న తప్పు చేసినవాడు 2 నిమిషాలు పక్కన అద్దాల గదిలో కూర్చోవాలి. వాడి బదులు ఇంకొకడు రాడు, జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. ఈలోగా అవతలోళ్లు గోల్ కొడితే వాడు బయటకు రావచ్చు. పెద్ద తప్పయితే 5 నిమిషాలు. అందులో ఎన్ని గోల్స్ పడినా టైము తగ్గదు. అప్పుడు వాడి మీద కోపం వచ్చేది ఎవరికి? సొంత జట్టుకి. మావాడు మొనగాడు, కొట్టొచ్చాడు అని భుజాన ఎత్తుకోవడం ఉండదు. నీ వల్లే గోల్ పడిందిరా అంటారు.

రెండోది, కొట్లాట. ఇదే ఐస్ హాకీలో డబ్బులకి ఆడే ఎన్‌హెచ్ఎల్ అనే పెద్ద లీగ్ ఉంది. అందులో ముష్టియుద్ధం చేసినా మామూలుగా 5 నిమిషాలు కూర్చుని మళ్లీ రావచ్చు. జనం దానికి చప్పట్లు కూడా కొడతారు. కాలేజీ హాకీలో అలా కాదు. చెయ్యి చేసుకుంటే ఆ మ్యాచ్ నుంచి బయటకి, తర్వాతి మ్యాచ్ కూడా పోయినట్టే. ఆ సీజన్‌లో రెండోసారి అయితే రెండు మ్యాచ్‌లు, మూడోసారి మూడు. మన దగ్గర వడ్డీ పెరిగినట్టు పెరుగుతుంది. చదువుకునే పిల్లలకి ఏది చూపించాలో వాళ్లు తేల్చుకున్నారు.

మూడోది నాకు బాగా నచ్చింది. రిఫరీ తప్పు చేశాడనిపిస్తే కోచ్ వీడియో చూడమని అడగొచ్చు. కానీ ఊరికే కాదు. మ్యాచ్ మొత్తానికి జట్టుకి ఒకే ఒక్క టైమ్ అవుట్ ఉంటుంది, దాన్ని పందెం పెట్టాలి. తన మాట తప్పని తేలితే అది పోతుంది. అంటే నోరు ఉందని అరవడం కాదు, నమ్మకం ఉంటే ఖర్చు పెట్టి అడగాలి. మనం చెయ్యట్లేదా? సర్వే కొలత మీద అనుమానం వస్తే ఫీజు కట్టి మళ్లీ కొలిపించుకుంటాం, గొలుసు లాక్కుని సర్వేయర్ని కొట్టం. ధాన్యం కాటా మీద అనుమానం వస్తే బాట్లు పెట్టి చూస్తాం, కాటా పగలగొట్టం. ఆటలో మాత్రం ముందు కాటానే పగలగొడతాం!

నాలుగోది జనం సంగతి. ప్రేక్షకులు మైదానంలోకి వస్తువులు విసిరి ఆట ఆపితే, హెచ్చరించాక కూడా మానకపోతే, ఆట ఆలస్యం చేసినందుకు సొంత జట్టుకే పెనాల్టీ వేయొచ్చు. కార్నెల్ పిల్లలు చేపల్ని ఆట మొదలవ్వకముందే విసరాలని ఆరాటపడేది అందుకే. పక్కనున్నవాడు ఆలస్యంగా విసరబోతే తోటి అభిమానే చెయ్యి పట్టుకుంటాడు. పోలీసు చెప్తే వినడు గానీ, మన జట్టుకి నష్టంరా అంటే ఎవడైనా వింటాడు.

అలాగని అక్కడ స్టేడియం గుడిలా నిశ్శబ్దంగా ఉంటుందనుకునేరు. అదేం లేదు. కార్నెల్ ఆడే లైనా రింక్ నాలుగు వేల పైచిలుకు మంది పట్టే చిన్నది, చెవులు చిల్లులు పడతాయంటారు. ఎదుటి జట్టు ఆటగాళ్ల పేర్లు చదువుతుంటే, మాకు మీరు లెక్కలేదన్నట్టు అందరూ న్యూస్‌పేపర్లు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకుంటారు. గోల్ పడితే ఎదుటి గోల్‌కీపర్ని చూపించి "జల్లెడ, జల్లెడ" అని అరుస్తారు. అన్నీ జారిపోతున్నాయని. జల్లెడ మాట విన్నాక, వీళ్లు నిజంగానే వ్యవసాయ కాలేజీ వాళ్లే అనిపించింది నాకు. ఇలాంటి వెటకారం ఆటకి ఉప్పులాంటిది. ఎదుటి జట్టుని ఏడిపించండి, పాటలు కట్టండి, డప్పులు కొట్టండి. ఎవరికీ అభ్యంతరం లేదు. అమ్మ మీద, ఆలి మీద, కులం మీద మాట వచ్చిందంటే అది వెటకారం కాదు, దాని పేరు వేరు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికి వస్తా. రూల్స్ మనకీ ఉన్నాయి. కబడ్డీలో పసుపు కార్డు చూపిస్తే 2 నిమిషాలు బయట కూర్చోవాలి, ఎర్రకార్డు చూపిస్తే ఇక ఆ మ్యాచ్‌లోకి రాకూడదు. మన ఊరి పోటీల్లో ఆ కార్డు చూపించే ధైర్యం ఎంతమంది రిఫరీలకి ఉంది? చూపించినవాడు మోటార్ సైకిల్ ఎక్కి క్షేమంగా ఇల్లు చేరతాడని మనం హామీ ఇవ్వగలమా? వచ్చేది ఎక్కడో స్కూల్లో పీఈటీ మాస్టారు. ఆయనకి మనం ఇచ్చేది భోజనం, శాలువా, పెట్రోలు డబ్బులు. దానికి తిట్లు కూడా కలిపితే వచ్చే ఏడాది ఫోన్ ఎత్తడు. అమెరికాలో కూడా స్కూలు పిల్లల ఆటలకి రిఫరీలు దొరకట్లేదని, పెద్దవాళ్ల తిట్లే అందుకు పెద్ద కారణమని అక్కడి రిఫరీల సంఘాలు మొత్తుకుంటున్నాయి. రిఫరీ రాకపోతే ఎవరు పోతారు? గొడవ పెట్టిన పెద్దమనిషి పోడు. ఏడాదంతా పొద్దున్నే లేచి మట్టిలో దొర్లి ఎదురుచూసిన కుర్రాడు పోతాడు. వాడికి ఉన్నదే ఆ ఒక్క పోటీ.

కొందరు అడుగుతారు, "అన్నా, రిఫరీ అమ్ముడుపోతే? వాళ్ల ఊరి అల్లుడే విజిల్ పట్టుకుంటే? అప్పుడు కూడా నోరు మూసుకోవాలా?" న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మ్యాచ్‌కి ముందు వెతకాలి, మధ్యలో కాదు. అల్లుడైతే ముందే వద్దనండి. కూత మొదలయ్యాక అతను ఎవరి అల్లుడనేది లెక్కలోకి రాకూడదు.

అందుకని పోటీలు పెట్టే కమిటీ కుర్రాళ్లకి నా సలహా ఐదు మాటల్లో చెప్తా. ఒకటి, రెండు ఊళ్లకీ సంబంధం లేని ఇద్దరు రిఫరీల్ని పిలవండి, పేర్లు వారం ముందే రెండు జట్లకీ చెప్పి ఒప్పించండి. రెండు, రిఫరీతో కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలి, మిగతా ఎవరు మాట్లాడినా ఎదుటి జట్టుకి పాయింటు. మూడు, గీత దగ్గర ఫోన్ స్టాండు పెట్టి వీడియో తీయండి. చూడమని అడిగే అవకాశం జట్టుకి ఒక్కటే, తప్పని తేలితే వాళ్ల టైమ్ అవుట్ పోవాలి. నాలుగు, జనం లోపలికి దూకితే దూకినవాడి జట్టుకే నష్టం వేయండి. ఇది మైకులో ముందే పది సార్లు చెప్పండి. ఐదు, మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ వరుసలో నిలబడి చేతులు కలిపాకే కప్పు ఇవ్వండి. కాలేజీ హాకీలో ఎంత గుద్దుకున్నా చివర్లో ఆ వరుస ఉంటుంది. మొహం మాడ్చుకునైనా సరే చెయ్యి ఇస్తారు.

వీటికి పెద్ద ఖర్చేం లేదు. ఫోన్ స్టాండు రెండు వందలు. కష్టమల్లా ఒకటే, నాలుగో రూలు మొదటిసారి మన సొంత ఊరి మీద వేయాల్సి వచ్చినప్పుడు వేయడం. ఆ రోజు వేస్తే మిగతావన్నీ వాటంతటవే నిలబడతాయి. వేయకపోతే ఇవన్నీ కాగితం మీదే.

మీ ఊళ్లో పోటీలు ఆగిపోయి ఉంటే ఎందుకు ఆగాయో, నడుస్తుంటే ఎలా నడుపుతున్నారో కింద రాయండి. ఊరి పేరు రాయండి గానీ మనుషుల పేర్లు రాయకండి, మళ్లీ ఇక్కడ ఇంకో ఫైనల్ మొదలవుద్ది. పనికొచ్చే మాట అనిపిస్తే మీ కమిటీ కుర్రాళ్లకి పంపండి.

ఉంటాను. జై కిసాన్.