కేస్ షీట్ మీద ఎర్ర సిరా

పోయిన నెల ఒక ప్రభుత్వ ఆసుపత్రి ప్రసూతి వార్డులో మూడు రాత్రులు గడిపాను. మా సంఘంలో పనిచేసే ఒక చెల్లెలికి తోడు వెళ్ళాను. ఆమెకు హెచ్.ఐ.వి. ఉంది. ఆమె రాయమంటేనే ఇది రాస్తున్నాను.

కేస్ షీట్ పైన ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు రాసి మంచానికి తగిలించారు. పక్క మంచం వాళ్ళ చుట్టాలు కూడా చదువుకున్నారు. హౌస్ సర్జన్ అమ్మాయి రెండు జతల గ్లవ్స్ తొడుక్కుని వచ్చి, నాడి కూడా పట్టకుండా, దూరంగా నిలబడి "మీ ఆయన లారీ డ్రైవరా?" అని అడిగింది. కాదు, బడి పంతులు. ఆ పిల్ల నమ్మలేదు.

తెలియక కాదు. రాత్రి టీ తాగుతున్నప్పుడు నేను అడిగితే అంతా గడగడా అప్పజెప్పింది. ముట్టుకుంటే రాదు. వైరస్ ఉన్న రక్తపు సూది గుచ్చుకున్నా వెయ్యింటికి మూడుసార్లే సోకుతుంది. 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. తల్లి మానకుండా మందులు వేసుకుంటే బిడ్డకు సోకే ప్రమాదం నూటికి ఐదు కన్నా తక్కువ. మరి నాడి ఎందుకు పట్టలేదమ్మా అంటే, "మా సీనియర్లు ఎవరూ పట్టరండీ" అంది.

ఇదీ మన వైద్యవిద్య! ప్రతి రోగి రక్తాన్నీ వైరస్ ఉన్నట్టే చూడాలని వాళ్ళ పుస్తకాలే చెబుతాయి. అదే వార్డులో, ఏ పరీక్షా జరక్కుండా నొప్పులతో పరుగున వచ్చిన ఆడవాళ్ళకు ఒట్టి చేతులతో సెలైన్ ఎక్కించడం చూశాను. ఎర్ర సిరా డాక్టర్ని ఏం కాపాడినట్టు? గ్లవ్స్ చాలడం లేదంటే నిజమే, ఆ కొట్లాట సూపరింటెండెంటుతో పెట్టుకోవాలి. మేమూ వెంట వస్తాం.

కడుపుతో ఉన్నప్పుడు పరీక్ష చేస్తారు కాబట్టి చాలా ఇళ్ళలో ముందు బయటపడేది ఆడదాని పేరే. మొగుడి దగ్గర్నుంచి వచ్చినా "నువ్వే తెచ్చావు" అంటారు. ఆ మాట అనడానికి అత్తగారికి కాగితం అందిస్తున్నది ఆసుపత్రి.

1986లో మద్రాసులో సెక్స్ వర్కర్ల రక్తంలో ఈ వైరస్ ఉందని మన దేశంలో మొదట బయటపెట్టింది కూడా చదువుకుంటున్న డాక్టరే. సునీతి సోలమన్ దగ్గర పి.జి. విద్యార్థిని, సెల్లప్పన్ నిర్మల. గ్లవ్స్ లేకుండానే రక్తం తీసింది. (దేనికి తీస్తున్నదీ ఆ స్త్రీలకు చెప్పలేదు. ఆ పేచీ వేరే ఉంది.)

2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం రోగి అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, విషయం బయటపెట్టకూడదు, వైద్యంలో వివక్ష చూపకూడదు. ఆసుపత్రిలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. అక్కడ ఆ అధికారి ఎవరని నలుగురిని అడిగాను. నలుగురూ నలుగురి పేర్లు చెప్పారు.

ఫిర్యాదు రాసి నాలుగు చోట్లా ఇచ్చాం. అందినట్టు సంతకం మాత్రం ఇంతవరకు ఎవరూ పెట్టలేదు.