ఆట వదిలిన తరువాత

ఈ ఏడు సావనీరుకు వ్యాసం కావాలని యూనియన్ కార్యవర్గం పిల్లలు ముగ్గురు నా గదికి వచ్చారు. ‘మీ సబ్జెక్టు మీద కాకుండా ఏదైనా రాయండి సార్’ అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా అర్థశాస్త్రం చెబుతున్నవాడికి దక్కే గౌరవం ఇది! నవ్వుకుని, సరే సినిమాల గురించి రాస్తానన్నాను. వాళ్ళ మొహాలు వెలిగాయి. అందులో ఒకడు వెంటనే ఒక కొత్త సినిమా పేరెత్తి, మొదటి మూడు రోజుల్లో ఎంత చేసిందో తెలుసా సార్ అన్నాడు. తెలీదన్నాను. నైజాం ఎంత, సీడెడ్ ఎంత, ఓవర్సీస్ ఎంత, విడివిడిగా వాడే చెప్పాడు. ఎక్కాలప్పజెప్పినట్టు చెప్పాడు. ‘బాగుందిరా, మరి సినిమా ఎలా ఉంది?’ అన్నాను.

‘ఇంకా చూళ్ళేదు సార్.’

ఆ కుర్రవాడు మంచివాడు, చురుకైనవాడు. వాణ్ణి ఎగతాళి చెయ్యడానికి ఇది రాయడం లేదు. కాని ఆ జవాబు నన్ను రెండు రోజులు వదల్లేదు.

మేం ఇదే విశాఖపట్నంలో పీజీ చదివింది 1988 నుంచి 1990 దాకా. సినిమా జట్టు నలుగురం. ఫిజిక్సువాడొకడు, తెలుగు ఎం.ఏ. ఒకడు, లా చదివేవాడొకడు, నేను. (పేర్లు రాస్తే ముగ్గురూ తగాదాకొస్తారు కనుక రాయడం లేదు.) జేబులో సెకండు షో టిక్కెట్టుకు, ఒక టీకి సరిపడా ఉండేది. రిక్షాకు ఉండేది కాదు. అంచేత జగదాంబ జంక్షను నుంచి సిరిపురం మీదుగా హాస్టలు దాకా నడకే. నా మటుకు నాకు, ఆ రోజుల్లో అసలు సినిమా ఆ నడకలో మొదలయ్యేది. హాల్లో చూసింది దానికి ముడిసరుకు మాత్రమే.

1989 అక్టోబరులో ‘శివ’ వచ్చింది. కాలేజీ, యూనియను గొడవలు, దాని వెనక బయటి రౌడీల చెయ్యి... మా కథే తెర మీద చూసినట్టయింది. మర్నాడు సైకిలు స్టాండులో గొలుసు మీద చెయ్యివేసి లాగి చూడనివాడు లేడు. నేనూ లాగాను. గ్రీజు తప్ప ఏమీ రాలేదు. ఆ రాత్రి నడకలో మాత్రం మాట గొలుసు దాటి చాలా దూరం వెళ్ళింది. ఫిజిక్సువాడికి చప్పుళ్ళ మీద ధ్యాస. ‘పాట లేనప్పుడు విన్నార్రా? అడుగుల చప్పుడు విన్నారా? కొట్టడానికి ముందు ఎంతసేపు ఊరుకున్నాడో గమనించారా?’ అంటాడు. మేం వినలేదు. వాడు చెప్పాక రెండోసారి వెళ్ళి విన్నాం. తెలుగు వాడు శివ ధీరోదాత్తుడు కాడనీ, ధీరోద్ధతుడనీ లక్షణగ్రంథం తీశాడు. వాడి మాట ఎవరూ వినలేదు గాని, ఇప్పుడు ఆలోచిస్తే వాడు చెప్పిందే నిజమనిపిస్తుంది. లా వాడు ఎప్పటిలాగే అందరూ అలిసిపోయాక నోరు విప్పాడు. ‘భవాని పోయాడు. బాగానే ఉంది. భవాని కూర్చున్న కుర్చీ ఎటు పోయింది? అందులో ఇప్పుడెవరు కూర్చున్నారు?’ అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నతో తెల్లారింది. మా కాలేజీ గురించి, మా ఎన్నికల గురించి, జెండాలు పట్టుకుని తిరిగిన మా గురించే మాట్లాడుకున్నాం. సినిమా నెపం మాత్రమే అనను. సినిమా లేకపోతే ఆ మాటలు మా నోటికి వచ్చేవి కావు.

జట్టులో అయిదో మనిషి కూడా ఉంది. నా క్లాసుమేటు. ఆవిడ మాకు ‘మీరు’, మేం ఆవిడకు ‘మీరు’. ఇప్పటికీ అంతే. ఆవిడ మాతో కలిసి చూసిన సినిమా ఆ రెండేళ్ళలో ఒకే ఒక్కటి, ‘మాయాబజార్’. అప్పట్లో పాత సినిమాలు మార్నింగ్ షోలు పడేవి. 1957 నాటి బొమ్మ. మేం నలుగురం అప్పటికే నాలుగైదుసార్లు చూసినవాళ్ళం, ఆవిడకు కొత్త. బయటికి వచ్చి ఎండలో నిలబడి, మాకు కంఠతా వచ్చిన విషయాలన్నీ ఆవిడకు వడ్డించడం మొదలెట్టాం. ఆ వెన్నెల ఆకాశంలోది కాదు, మార్కస్ బార్‌ట్లేది. సావిత్రి ఆడది కాదు, ఆ కాసేపూ ఆడవేషంలో ఉన్న ఘటోత్కచుడు. పెళ్ళిపీటల మీద రేలంగి కాలు తొక్కినప్పుడు ఆ కాలు ఎవరిదో చూశారా, ఇలా. అన్నీ విని ఆవిడ, ‘అదంతా సరేనండీ, పాండవులేరి?’ అంది.

నలుగురం మొహమొహాలు చూసుకున్నాం. కథంతా పాండవులది. వాళ్ళ కొడుకు పెళ్ళి, వాళ్ళ పరువు, వాళ్ళ కొడుకే ఘటోత్కచుడు. అయిదుగురిలో ఒక్కడూ తెర మీద కనిపించడు! అన్నిసార్లు చూసి కూడా ఆ లోటు మా కళ్ళకు తట్టలేదు. తట్టనివ్వకుండా కథ అల్లడంలోనే కె.వి.రెడ్డి గొప్పతనం ఉందని తెలుగు వాడు అందుకున్నాడు. అది వాడి మాట. లోటు కనిపెట్టింది ఆవిడ. తరవాత ఈ సంగతి చాలాచోట్ల చదివాను. కాని నాకు మొదట తెలిసింది ఆ ఎండలో, ఆ గుమ్మం ముందు. 2010లో ‘మాయాబజార్’ రంగుల్లో వచ్చినప్పుడు వెన్నెలకు రంగు పుయ్యడం పాపమా పుణ్యమా అని ఫోనుల్లో నెల్లాళ్ళు కొట్టుకున్నాం. ఇంకా తేలలేదు.

కలెక్షన్ల గోల ఈనాటి పిల్లలే కనిపెట్టారని అనను. మా రోజుల్లోనూ ఎన్ని సెంటర్లలో వంద రోజులన్నది పెద్ద విషయమే. గోడపత్రిక మీద అంకె చూసి మీసం దువ్విన బాపతు మా హాస్టల్లోనూ ఉన్నారు. తేడా ఎక్కడంటే, ఆ అంకె రావడానికి వంద రోజులు పట్టేది. ఈ లోపు మాట్లాడుకోడానికి బోలెడు వ్యవధి. ఇప్పుడు ఇంటర్వెల్లు కాకముందే తీర్పు చేతిలో ఉన్న ఫోనులోకి వచ్చేస్తుంది. తీర్పు వచ్చాక వాదనలెందుకు? ఏ కోర్టులోనైనా అంతే కదా.

ఆ తీర్పులు ఎంత తప్పుతాయో మన సినిమా చరిత్రే చెబుతుంది. 1980లో ‘శంకరాభరణం’ వచ్చినప్పుడు మొదటి రోజుల్లో హాళ్ళు పలచగా ఉండేవని ఆనాటివాళ్ళు చెబుతారు. హీరో అనదగ్గ కుర్రాడు లేడు, ఫైట్లు లేవు, ముసలి సంగీత విద్వాంసుడి కథ. చూసినవాళ్ళు చూడనివాళ్ళకు చెప్పబట్టి అది నిలబడింది. ఇవాళ్టి లెక్కన అయితే శుక్రవారం సాయంత్రానికే దాని పని అయిపోయేది. 2010లో ‘ఖలేజా’ను పోయిందన్నారు. అప్పుడు నేనూ చూసి, తల గోక్కుని ఇంటికొచ్చినవాణ్ణే. తరవాత టీవీలో మళ్ళీ మళ్ళీ చూసి, మాటలు ఒకళ్ళకొకళ్ళు అప్పజెప్పుకుని పిల్లలు దాన్ని బతికించుకున్నారు. 2025 మే నెలలో మళ్ళీ హాళ్ళలోకి వస్తే, మొదటిసారి విడుదలైనప్పుడు బడికి కూడా వెళ్ళని పిల్లలు ఎగబడి చూశారు. నాకు ఆ సినిమా ఇప్పటికీ పూర్తిగా నచ్చదు. ద్వితీయార్ధం జారిపోతుందనే నా వాదన. అయినా అది వేరే సంగతి. కల్ట్ సినిమా అని మీరంటున్నది ఇలా తయారయ్యేదే. నిర్మాత డబ్బు పెట్టి దాన్ని తయారు చెయ్యలేడు. స్నేహితులు మాటలతో చేస్తారు.

ఇంతదాకా చదివి, మాస్టారు తన జట్టును తానే పొగుడుకుంటున్నాడని మీరు అనుకుంటుంటే, అసలు రాయవలసింది ఇప్పుడు రాస్తాను.

2017లో ‘అర్జున్ రెడ్డి’ వచ్చింది. ఫిజిక్సువాడు సెలవు మీద ఊళ్ళో ఉన్నాడు. అయిదుగురం కలిసి వెళ్ళి చూశాం. ఆవిడతో కలిసి చూసిన రెండో సినిమా అన్నమాట, ఇరవై ఎనిమిదేళ్ళ తరవాత. ఆట వదిలాక మా ఇంట్లో కాఫీలు. నాకు సినిమా తెగ నచ్చింది. ‘శివ’ తరవాత మళ్ళీ కాలేజీని ఇంత నిజంగా చూపించినవాడు లేడని మొదలుపెట్టి, ఆ కుర్రాడి నటన గురించి, కెమెరా వాడి వెనక నడిచే తీరు గురించి ఉపన్యాసం ఇచ్చాను. నలుగురం ఊగిపోయాం. ఆవిడ కాఫీ కప్పు పట్టుకుని కాసేపు ఊరుకుని, ‘ఆ అమ్మాయిని ఎవరైనా ఒక్కమాట అడిగారాండీ? ముద్దు పెట్టుకునే ముందు గాని, క్లాసు క్లాసుకీ వెళ్ళి ఆమె నాదని చాటే ముందు గాని? అసలు ఆ పిల్ల మొదటిమాట ఎంతసేపటికి మాట్లాడిందో చూశారా?’ అంది.

నేను, ‘మీరు సినిమాను సినిమాగా చూడరండీ’ అన్నాను. మిగతా ముగ్గురూ నవ్వారు.

ఆవిడ ఇంకేమీ అనలేదు. కప్పు తీసుకెళ్ళి సింకులో పెట్టి, వంటింట్లో మా ఆవిడతో మాట్లాడుతూ కూర్చుంది. తరవాత రెండుసార్లు పిలిస్తే, పేపర్లు దిద్దుకోవాలంది.

‘సినిమాను సినిమాగా చూడు.’ ఈ మాట మీరూ వినే ఉంటారు, అనే ఉంటారు. దీనికి అర్థమే లేదని నా అభిప్రాయం. భవాని కుర్చీ ఏమైందని తెల్లవార్లూ కొట్టుకున్నవాళ్ళం మేం ఏనాడు సినిమాను సినిమాగా చూశాం గనుక? అవతలివాళ్ళ ప్రశ్నకు మన దగ్గర జవాబు లేనప్పుడు తలుపు వేసుకోడానికి వాడే గడియ అది. నేను వేశాను. పదిహేను రోజులాగి ఆ సినిమా మళ్ళీ చూశాను. నటన మీద, పనితనం మీద నా అభిప్రాయం మారలేదు. ఇప్పుడూ మారలేదు. కాని ఆవిడ ప్రశ్న చెవిలో పెట్టుకుని చూస్తే, ఆ అమ్మాయి తల వంచుకుని నడిచిన ప్రతి దృశ్యమూ వేరే సినిమాలా కనిపించింది. పాండవుల్లాగే. ఎదురుగా ఉన్న లోటు మళ్ళీ నా కంట పడలేదు.

వాళ్ళ డిపార్టుమెంటుకు వెళ్ళి, తప్పు నాదేనండీ అన్నాను. ఆవిడ నవ్వింది. కాస్సేపటికి, నేను ఎదురుచూడని సంగతి చెప్పింది. ‘మీ నడక గురించి మీరు అందరికీ చెబుతారు. అమ్మాయిల హాస్టలు గేటు చీకటి పడకుండానే మూసేసేవారని మీకు గుర్తుందా? మీ శివ వాదనలన్నీ నేను మర్నాడు క్యాంటీన్లో మీరు చెప్పగా విన్నవే. అప్పటికి మీరు అన్నీ తేల్చేసుకుని వచ్చేవారు. మీ చర్చల్లో నేనెప్పుడూ మర్నాటి మనిషినే.’

నాకు నోట మాట రాలేదు. మా జట్టు అంత గొప్ప జట్టని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. ‘మాయాబజార్’లో పాండవులు లేరని కనిపెట్టిన మనిషి మా మిగతా సినిమాలన్నిట్లోనూ ఏమేం కనిపెట్టి ఉండేదో మాకు తెలీకుండానే పోయింది.

అందుచేత యూనియన్ మిత్రులకు నాదొక మనవి. 2023లో ‘బలగం’ వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో నడివీధిలో తెర కట్టి ఊరంతా కలిసి చూశారు. చూసి, ఏడ్చి, పాత తగాదాలు మాట్లాడుకున్నారని పత్రికల్లో చదివాం. పల్లెలో చేసినపని విశ్వవిద్యాలయంలో చెయ్యలేమా? సెమినారు హాల్లో ప్రొజెక్టరు ఉంది, ఏడాదిలో పది నెలలు దుమ్ము కొట్టుకుని ఉంటుంది. నెలకొక సినిమా వెయ్యండి. హక్కులున్న వారి దగ్గర అనుమతి తీసుకునే వెయ్యండి, ఆ ఉత్తరం కావాలంటే నేను రాసిపెడతాను. ఒక నెల పాతది, ఒక నెల కొత్తది. మన కంచరపాలెంవాళ్ళే నటించిన ‘కేరాఫ్ కంచరపాలెం’ 2018లో వచ్చింది. అది చూడనివాళ్ళు ఈ ఆవరణలోనే ఉన్నారంటే నాకు సిగ్గుగా ఉంటుంది. ఆట అయ్యాక ఒక గంట ఎవరూ కదలకూడదు. ఎంత వసూలు చేసిందన్నమాట ఎత్తినవాడు అందరికీ టీలు ఇప్పించాలి. నచ్చలేదన్నవాళ్ళకు మొదట మైకు ఇవ్వాలి. నా పాత మాట ఎవరైనా అంటే వాళ్ళను బయటికి పంపే బాధ్యత నాది.

ఆట మధ్యాహ్నం రెండింటికే మొదలుపెట్టండి. చర్చ అయ్యేసరికి ఏ హాస్టలు గేటూ మూసి ఉండకూడదు.

మొదటి సినిమా ఏది వెయ్యమంటారని ఆవిడను అడిగాను. క్షణం కూడా ఆలోచించకుండా ‘శివ’ అంది.

‘అది అందరూ చూసిందే కదండీ?’ అన్నాను.

‘చూడ్డం చూశాను. దాని గురించి మీతో ఇంకా మాట్లాడలేదు’ అంది.